‘మిగతా వెండితెరపై చూడండి’: తొలి టాకీల నాటి జాసూసీ పొట్టి సినిమాలు, వాటి వెంట పడే షౌకీన్‌లు

గోపన్‌పల్లి, గౌలిదొడ్డి, నల్లగండ్ల వైపు పాత ఇల్లు పడగొట్టి బిల్డర్‌కు ఇచ్చేటప్పుడు ముందుగా ఖాళీ చేసేది అటక. దాదా కాలం నాటి ఇనుప సందూకు, పని చేయని రేడియో, చెదలు పట్టిన ఉర్దూ పుస్తకాలు, నల్లటి గ్రామఫోన్ రికార్డులు, వాటి మధ్య ఎక్కడో నాలుగైదు సినిమా పాటల పుస్తకాలు. కబాడీ అతను వచ్చి కాగితం కిలో ఇంత, ఇనుము కిలో ఇంత అని తూకం వేస్తాడు. రికార్డులకైతే తూకం కూడా ఉండదు, ఊరికే తీసుకెళ్లమంటారు.

ఆ పాటల పుస్తకాల్లో ఒక తమాషా ఉంది. సినిమా హాలు దగ్గర అణా, రెండణాలకు అమ్మిన ఆ పుస్తకాల్లో పాటలకు ముందు కథ కూడా వేసేవారు. కానీ పూర్తిగా కాదు. అసలు మలుపు దగ్గరికి రాగానే ఆపేసి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని రాసేవారు. టికెట్లు తెగడానికి వేసిన ఎత్తు అది. ఇప్పుడు సంగతేమిటంటే, ఆ సినిమాల్లో చాలా వాటికి ప్రింటు ఎక్కడా లేదు. పుస్తకం మిగిలింది, వెండితెర మీది ‘మిగతా’ పోయింది.

ప్రపంచంలో పాత సినిమాలను పోగుచేసే షౌక్ ఉన్నవాళ్లను నడిపించేది ఈ ‘మిగతా’నే. అందులోనూ 1926 నుంచి 1930ల మొదటి సగం దాకా, సినిమాకు అప్పుడప్పుడే గొంతు వచ్చిన రోజుల్లో తీసిన చిన్న చిన్న మిస్టరీ సినిమాలంటే వాళ్లకు ప్రత్యేకమైన పిచ్చి. ఇరవై నిమిషాల సినిమా, ఒక హత్య, ఒక ఇన్‌స్పెక్టర్, చివరి రెండు నిమిషాల్లో దొరికే దొంగ. ఇందులో అంత ఆకర్షణ ఏముంది? మన ఇళ్లలోని సందూకులతో దీనికేం సంబంధం?

(సినిమా చూడటం మంచిదా కాదా అన్న వాదన మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడ ఆ జోలికి పోవడం లేదు. కాగితం, రికార్డు, ఫిల్మ్ అనే వస్తువుల చరిత్ర వరకే ఈ మాట.)

పన్నెండు పొట్టి కేసులు

ఈ రకానికి మంచి ఉదాహరణ అమెరికాలో వార్నర్ బ్రదర్స్ కంపెనీ 1931, 1932 సంవత్సరాల్లో ‘వైటాఫోన్’ పేరు మీద విడుదల చేసిన ఎస్.ఎస్. వాన్ డైన్ మిస్టరీ సినిమాలు. మొత్తం 12. వాన్ డైన్ అన్నది కలం పేరు. అసలు మనిషి విల్లార్డ్ హంటింగ్టన్ రైట్ అనే కళా విమర్శకుడు. 1926లో ‘ద బెన్సన్ మర్డర్ కేస్’ నవలతో ఫైలో వాన్స్ అనే డిటెక్టివ్‌ను పుట్టించి ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నాడు. డిటెక్టివ్ కథ రాసేవాడు పాఠకుడిని మోసం చేయకూడదంటూ 1928లో 20 నియమాలు కూడా ప్రకటించాడు. మన దగ్గర ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ కోసం, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కోసం జనం ఎలా ఎదురుచూశారో, అక్కడ వాన్స్ కోసం అలా ఎదురుచూసిన రోజులవి.

కానీ ఈ 12 పొట్టి సినిమాల్లో ఫైలో వాన్స్ లేడు. ఆయన బదులు డాక్టర్ క్రాబ్‌ట్రీ అనే మెత్తటి పెద్దమనిషి, ఇన్‌స్పెక్టర్ కార్ అనే గట్టి పోలీసు ఉంటారు. క్రాబ్‌ట్రీగా డొనాల్డ్ మీక్, కార్‌గా జాన్ హామిల్టన్ వేశారు. మీక్ తర్వాత 1939లో ‘స్టేజ్‌కోచ్’లో భయపడుతూ ఉండే సారా వ్యాపారిగా కనిపించాడు. హామిల్టన్ 1950లలో టీవీ ‘సూపర్‌మ్యాన్’లో పత్రిక ఎడిటర్ పెర్రీ వైట్ అయ్యాడు. ఈ ఇద్దరి ముఖాలు తెలిసిన వారికి, వాళ్లు అంతకు ముందు జంటగా కేసులు ఛేదించారని తెలియగానే ఆ సినిమాలు చూడాలనిపించడం సహజమే.

పేర్లు చూస్తేనే కథ ఎక్కడ జరుగుతుందో చాలావరకు తెలిసిపోతుంది. ‘ద వాల్‌స్ట్రీట్ మిస్టరీ’ షేర్ మార్కెట్, ‘ద సింఫనీ మర్డర్ మిస్టరీ’ వాద్యబృందం, ‘మర్డర్ ఇన్ ద పుల్‌మన్’ రైలు పెట్టె, ‘ద క్యాంపస్ మిస్టరీ’ కాలేజీ, ‘ద సైడ్ షో మిస్టరీ’ తిరునాళ్ల డేరా, ‘ద స్టూడియో మర్డర్ మిస్టరీ’ సినిమా స్టూడియో. ఒక్కో సినిమా రెండు రీళ్లు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని వైటాఫోన్ స్టూడియోలో తీశారు. దగ్గర్లోనే బ్రాడ్‌వే నాటకశాలలు ఉండటంతో నాటక నటులు సులువుగా దొరికేవారు. అందుకే వీటిలో మాట తీరు సినిమా మాట కాదు, స్టేజీ మాట. ఇప్పటి చెవికి కొంచెం కృత్రిమంగా అనిపిస్తుంది. షౌకీన్‌లకు మాత్రం ఆ కృత్రిమత్వమే రుచి.

పెద్ద సినిమాకు ముందు వేసే వంటకం లాంటివి ఇవి. అప్పటి హాలులో ఒక్క టికెట్‌కు న్యూస్‌రీలు, కార్టూను, ఒకటో రెండో పొట్టి సినిమాలు, ఆ తర్వాత అసలు సినిమా చూపించేవారు. వారం తిరగ్గానే పొట్టి సినిమా మాట అందరూ మరిచిపోయేవారు. పత్రికల్లో సమీక్ష పెద్దగా ఉండదు, గోడ మీద పోస్టరు ఉన్నా చిన్నది. దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు. దొరకడం కష్టం కావడానికి మొదటి కారణం ఇదే, వెతకాలనిపించడానికీ ఇదే.

డబ్బు లెక్క కూడా ఒకటుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఇంట్లో ఆడించేది కాదు, హాలు మెషీన్ కావాలి. 1923లో కోడాక్ 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ తెచ్చాక ఇంట్లో, స్కూల్లో సినిమా వేసుకోవడం సులువైంది. 16 ఎం.ఎం.లో నిమిషానికి 36 అడుగుల ఫిల్మ్ నడుస్తుంది. ఇరవై నిమిషాల మిస్టరీ అంటే సుమారు 720 అడుగులు, అంటే 800 అడుగుల చుట్ట ఒక్కదానిలో మొత్తం కేసు పడుతుంది. పెద్ద సినిమా అయితే అలాంటివి మూడు నాలుగు కావాలి, ఒకటి పోయినా కథ పాడు. తక్కువ ఖర్చు, తక్కువ చోటు, ఒకే డబ్బాలో మొదలూ ముగింపూ. మధ్యతరగతి మనిషి కలెక్షన్ మొదలుపెట్టడానికి ఇంతకన్నా అనువైన వస్తువు ఉండదు.

బొమ్మ ఒక చోట, గొంతు ఒక చోట

1926 ఆగస్టు 6న న్యూయార్క్‌లో ‘డాన్ జువాన్’ సినిమాతో వార్నర్ వాళ్లు వైటాఫోన్ పద్ధతిని జనానికి చూపించారు. అప్పట్లో శబ్దం ఫిల్మ్ మీద ఉండేది కాదు. 16 అంగుళాల పెద్ద రికార్డు మీద ఉండేది. నిమిషానికి 33 చుట్లు పైచిలుకు తిరిగే ఆ రికార్డు సుమారు 11 నిమిషాలు, అంటే సరిగ్గా వెయ్యి అడుగుల రీలు నడిచినంత సేపు, మోగేది. మన ఇళ్లలోని 78 రికార్డుల్లో ముల్లు బయట అంచు నుంచి లోపలికి వెళ్తుంది. వైటాఫోన్‌లో దానికి తిరగేసి, లోపలి నుంచి బయటికి. రికార్డు మీద బాణం గుర్తు ఉంటుంది. ఆపరేటర్ ముల్లును ఆ గుర్తు దగ్గర పెట్టి, ఫిల్మ్‌లో ‘స్టార్ట్’ అని ఉన్న ఫ్రేమును మెషీన్ కిటికీలో నిలిపి, రెండింటినీ ఒకే మోటారుతో కదిలించాలి.

ఒక్కోసారి ఫిల్మ్ తెగేది. అతికించేటప్పుడు నాలుగు ఫ్రేములు పోతే, అక్కడి నుంచి నోరు ఒకటి, మాట ఒకటి. కాబట్టి పోయినన్ని ఫ్రేములకు సరిపడా నల్ల ఫిల్మ్ కలిపి అతికించాలి. రికార్డు లేబుల్ మీద గళ్లు ఉండేవి. ఆడించినప్పుడల్లా ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఇరవై సార్లు దాటితే లక్క అరిగి గరగర మొదలయ్యేది కాబట్టి రికార్డు మార్చేవారు.

ఈ ఏర్పాటు వల్లే తర్వాత పెద్ద చిక్కు వచ్చింది. ఆట అయిపోయాక ఫిల్మ్ ఒక దారిన, రికార్డు ఒక దారిన పోయాయి. ఎక్కడో గోదాములో బొమ్మ ఉంది, మూగది. ఇంకెక్కడో ఒకాయన ఇంట్లో రికార్డు ఉంది, గుడ్డిది. రెండూ ఒకదానివే అని తెలియాలంటే రికార్డు నంబరు, సినిమా నంబరు పట్టుకుని పాత జాబితాలతో సరిచూడాలి. 1991లో కొందరు రికార్డు షౌకీన్‌లు కలిసి ‘వైటాఫోన్ ప్రాజెక్ట్’ మొదలుపెట్టారు. ఇళ్లలో, పాత హాళ్లలో మూలపడ్డ వేల రికార్డుల జాడ తీశారు. ఆ జతలు కలపడం వల్ల వందకు పైగా పొట్టి సినిమాలకు మళ్లీ మాట వచ్చింది. ఇందులో ఏ జాసూసీ నవలకైనా తీసిపోని పని ఉంది. పైగా ప్రభుత్వ ఉద్యోగులు కాదు, ఎక్కువ మంది మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు వెతికినవాళ్లు.

వాన్ డైన్ మిస్టరీలు వచ్చే నాటికి శబ్దం ఫిల్మ్ అంచు మీదికే ఎక్కడం మొదలైంది. ‘వైటాఫోన్’ పేరు మాత్రం పొట్టి సినిమాల మీద అలాగే కొనసాగింది.

తలుపు కిర్రుమన్న శబ్దం

తొలి టాకీల్లో మిస్టరీ కథలకు అంత గిరాకీ ఎందుకు ఉందో ఊహించడం కష్టం కాదు. మూగ సినిమాలో తుపాకీ పేలితే పొగ కనిపించేది, అంతే. టాకీలో పేలుడు వినిపించింది. తలుపు కిర్రుమనడం, మెట్ల మీద అడుగులు, అర్ధరాత్రి టెలిఫోన్ మోత, చీకట్లో కేక, వీటన్నిటికీ మిస్టరీలోనే పని. పైగా ఆ కాలపు మైకులకు గొడవ పనికిరాదు. ఒక గది, నలుగురు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం కావాలి. పోలీసు విచారణ అంటే సరిగ్గా అదే కదా. 1928, 1929లలో కెమెరా చప్పుడు మైకులో పడకుండా కెమెరామన్‌ను అద్దాల గదిలో పెట్టి మూసేసేవారు. కెమెరా కదలదు. నటులు పూలకుండీలో దాచిన మైకు చుట్టూ చేరి మాట్లాడతారు. 1931 నాటికి ఈ బాధ చాలావరకు తగ్గింది. అయినా ఆ బిగువు, మాటకూ మాటకూ మధ్య ఉండే ఆ వింత నిశ్శబ్దం పొట్టి సినిమాల్లో ఇంకా వినిపిస్తుంది.

గొంతు రావడమే కొన్ని మిస్టరీలకు కారణమైంది. 1929లో పారమౌంట్ వాళ్లు తీసిన ‘ద కెనరీ మర్డర్ కేస్’ ముందు మూగ సినిమా. టాకీగా మార్చాలనుకునే సరికి నటి లూయిస్ బ్రూక్స్ జర్మనీ వెళ్లిపోయింది, మాటలు చెప్పడానికి రానంది. మార్గరెట్ లివింగ్‌స్టన్ చేత గొంతు చెప్పించారు. తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది. అదే ఏడాది హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’లో నటి ఆనీ ఓండ్రా ఉచ్చారణ ఇంగ్లీషు చెవికి నప్పదని, జోన్ బ్యారీ కెమెరాకు పక్కన నిలబడి మాట్లాడింది, ఓండ్రా పెదవులు కదిపింది. షౌకీన్‌లు ఇలాంటివి వినగానే ఆ ప్రింటు తెచ్చుకుని, చెవి దగ్గర పెట్టి, గొంతు ఎక్కడ మారిందో వెతుకుతారు.

షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ మాట్లాడుతుండగా చూపే బొమ్మ కూడా ఈ కాలపు ఒక పొట్టి సినిమాలో మిగిలింది. 1920ల చివర్లో ఫాక్స్ మూవీటోన్ వాళ్లు ఆయనను తోటలో కూర్చోబెట్టి మాట్లాడించారు. కుక్కతో పాటు నడిచి వచ్చి, హోమ్స్ ఎలా పుట్టాడో, ఆత్మల మీద తనకున్న నమ్మకం ఏమిటో చెబుతాడు. 1930లో చనిపోయాడు. ఆ కొద్ది నిమిషాల ఫిల్మ్ పోయి ఉంటే ఆ మనిషి ఎలా మాట్లాడేవాడో ఇవాళ చూడగలిగేవాళ్లం కాదు.

దొంగ దొరకని కేసులు

నైట్రేట్ ఫిల్మ్ గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. 1950ల మొదటి వరకు హాళ్లలో ఆడిన ఫిల్మ్ ఎక్కువగా సెల్యులోజ్ నైట్రేట్. ఇది దూదిలా అంటుకుంటుంది. ఒకసారి మండితే నీళ్లు పోసినా ఆరదు, ఎందుకంటే మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంది. వేడిలో పెడితే జిగురుగా మారి, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది.

1937 జులై 9న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం లిటిల్ ఫెర్రీ ఊళ్లో ఫాక్స్ కంపెనీ ఫిల్మ్ గోదాము అంటుకుంది. ఆ కంపెనీ పాత సినిమాల్లో చాలా భాగం ఆ ఒక్క రోజులో పోయింది. చార్లీ చాన్ డిటెక్టివ్ సినిమాల్లో వార్నర్ ఓలాండ్ వేసిన మొదటిది ‘చార్లీ చాన్ క్యారీస్ ఆన్’ 1931లో వచ్చింది. అదీ, ఆ తర్వాతి సంవత్సరాల మరో మూడూ ఇప్పుడు ఎక్కడా లేవు. విచిత్రం ఏమిటంటే, డబ్బింగ్ ఇంకా కుదరని రోజులు కాబట్టి అదే కథను స్పానిష్ నటులతో ‘ఎరాన్ త్రెసే’ పేరుతో విడిగా తీశారు. అది మిగిలింది. అసలు పోయి నకలు మిగిలిన కేసు. ఇంగ్లీషు సినిమా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇప్పుడు స్పానిష్ చూడాలి.

మిస్టరీకి చివరి రీలు పోతే కలిగే నష్టం వేరు. ప్రేమకథలో చివరి పది నిమిషాలు పోయినా పెళ్లి అయిందని ఊహించుకోవచ్చు. హత్య కథలో చివరి పది నిమిషాలు పోతే హంతకుడు తప్పించుకున్నట్టే. అందుకే పోగుచేసేవాళ్లు ఏ డబ్బా కొన్నా ముందు చూసేది చివర ఉందా లేదా అన్నదే.

మన సొంత కేసు: ఆలం ఆరా

ఇంతవరకూ అమెరికా మాట. మన దేశంలో ఇంతకన్నా పెద్ద కేసు తెరిచే ఉంది, దాని భాష ఉర్దూ.

భారతదేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాలులో విడుదలైంది. అర్దెషీర్ ఇరానీ, ఇంపీరియల్ కంపెనీ. జోసెఫ్ డేవిడ్ రాసిన పార్సీ నాటకం ఆధారం. జుబేదా, మాస్టర్ విఠల్, పృథ్వీరాజ్ కపూర్ నటులు. ఫకీరు వేషంలో పాడిన వజీర్ మహమ్మద్ ఖాన్‌ది మన సినిమాలో మొదటి పాట. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలు మైకు పెడితే రైలు కూత పడుతుంది కాబట్టి అర్ధరాత్రి దాటాక, రైళ్లు ఆగిన వేళ షూటింగ్ చేసేవారు. బొమ్మా శబ్దం ఒకే నెగెటివ్ మీద ఒకేసారి ఎక్కే పద్ధతి కాబట్టి తప్పు పోతే దిద్దుకోవడం కష్టం.

ఇవాళ ఆ సినిమా లేదు. ఒక్క నిమిషం కూడా లేదు. దాని పాటలు గ్రామఫోన్ రికార్డుగా రాలేదు, కాబట్టి గొంతూ లేదు. మిగిలినవి ఫొటోలు, ప్రకటనలు, పాటల పుస్తకం. ఉర్దూలో మొదట మాట్లాడిన సినిమా గతి ఇది. లక్నో, హైదరాబాద్ కవుల ఒక్కో అక్షరాన్ని భద్రం చేసుకున్న భాషకు తన మొదటి తెర మాట మిగల్లేదు.

ఈ కేసులో ఒక తప్పుడు వాంగ్మూలం బాగా ప్రచారంలో ఉంది. 2003 జనవరిలో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నైట్రేట్ ఫిల్మ్ దాచిన చోట అగ్నిప్రమాదం జరిగింది. ‘ఆలం ఆరా’ అందులోనే కాలిపోయిందని ఇప్పటికీ పత్రికల్లో వస్తుంటుంది. నిజం అది కాదు. ఆ సినిమా ఎప్పుడూ ఆర్కైవ్‌కు చేరలేదు. 1964లో పెట్టిన ఆ ఆర్కైవ్‌ను దశాబ్దాల పాటు నడిపిన పి.కె. నాయర్ దాని కోసం ఇరానీ కుటుంబం దగ్గరికి వెళ్లారు. వాళ్ల దగ్గర ఉన్న కొద్ది రీళ్లను వెండి తీయడానికి ఇచ్చేశామని ఇరానీ కొడుకు చెప్పాడు. నలుపు తెలుపు ఫిల్మ్ మీది బొమ్మ నిజానికి వెండి రేణువులే. ఫిల్మ్‌ను కడిగి వెండి తీసేవారు, మిగిలిన సెల్యులాయిడ్ గాజులకూ ఇతర చిల్లర వస్తువులకూ పోయేది. అంటే హంతకుడు అగ్ని కాదు, కబాడీ తూకం.

మూగ సినిమాల కథ ఇంకా ఘోరం. 1,300కు పైగా తీశారు. పూర్తిగా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఈ మధ్య సంవత్సరాల్లో ‘ఆలం ఆరా’ ప్రింట్లు తీయడానికి వాడిన బెల్ అండ్ హోవెల్ మెషీన్ ముంబైలో బయటపడింది. మెషీన్ దొరికింది, దానిలోంచి వచ్చింది దొరకలేదు.

తెలుగువాళ్ల వాటా

‘ఆలం ఆరా’ తర్వాత అదే ఇరానీ కంపెనీ, అదే సెట్లు వాడి, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘కాళిదాస్’ తీసింది. 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదల. అందులో టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే హీరో పి.జి. వెంకటేశన్ తెలుగులో జవాబిచ్చేవాడు. ఆ తర్వాత అదే రెడ్డి పూర్తిగా తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ తీశాడు. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. ఈ మూడు సినిమాల్లోనూ చిన్న వేషాలు వేసిన కుర్రాడు ఒకడున్నాడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్లిన ఎల్.వి. ప్రసాద్. బంజారాహిల్స్ కళ్ల ఆసుపత్రికి వెళ్లిన ప్రతి కుటుంబానికీ తెలిసిన పేరే. ఉర్దూ, తమిళం, తెలుగు మూడు భాషల తొలి టాకీల్లో కనిపించిన మనిషి, 1982లో ఫాల్కే అవార్డు అందుకున్న మనిషి. ఆయన ముఖం ఆ మూడింటిలో ఎలా ఉండేదో చూపించే ఫిల్మ్ ఒక్కటీ లేదు. మూడూ పోయాయి.

‘భక్త ప్రహ్లాద’ విషయంలో తేదీ కూడా ఒక మిస్టరీ అయి కూర్చుంది. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలుగా అందరూ రాశారు, ఉత్సవాలూ చేశారు. సినీ పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ తేదీని నమ్మకుండా పాత పత్రికల ఫైళ్లు, సెన్సారు వివరాలు తిరగేశారు. సెన్సారు సర్టిఫికెట్ 1932 జనవరి 22 నాటిది. సెన్సారు కాకముందే సినిమా విడుదల కావడం కుదరదు. బొంబాయిలోని కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న మొదటి ఆట పడిందని తేలింది. ఇప్పుడు ఆ తేదీనే లెక్కలోకి తీసుకుంటున్నారు. సినిమా లేకపోయినా కాగితం మిగిలి ఉండటం వల్ల ఈ కేసు ముగిసింది. ఆ కాగితాన్ని ఎవరైనా పొట్లాలు కట్టడానికి వాడి ఉంటే తప్పు తేదీయే మిగిలేది.

అన్నీ పోలేదు. వాడియా మూవీటోన్ వాళ్లు 1936లో తీసిన ‘మిస్ ఫ్రాంటియర్ మెయిల్’ మిగిలింది. ‘సిగ్నల్ ఎక్స్’ అనే ముసుగు మనిషి ఎవరన్నది కథ, ఫియర్‌లెస్ నాడియా రైలు పైకప్పు మీద నిలబడి రౌడీలను కొడుతుంది. పొట్టి సినిమా కాదు గానీ, హిందుస్తానీలో తొలి టాకీల నాటి జాసూసీ మజా ఎలా ఉండేదో తెలియాలంటే ఇది చూడాలి.

హైదరాబాద్‌లో వెతికేవాళ్లకు

ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గర జుమెరాత్ బజార్, అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల వరస, ఇవి ముగ్గురు నలుగురు షౌకీన్‌లు ఎప్పుడూ తిరిగే చోట్లు. ఫిల్మ్ అరుదు. 78 రికార్డులు, పాటల పుస్తకాలు, కరపత్రాలు అప్పుడప్పుడూ వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పోస్టర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పాత పోస్టరును స్కాన్ చేసి, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి పాతదని అమ్మడం తెలియని విద్యేమీ కాదు. భూతద్దం పెట్టి చూసి, ఇంట్లో ప్రింటరు వేసే సన్నటి రంగు చుక్కలు కనిపిస్తే పక్కన పెట్టేయడమే.

చట్టం సంగతి చాలామంది అడుగుతారు. భారతదేశంలో సినిమాకు కాపీరైట్ విడుదలైన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. కాబట్టి 1930ల భారతీయ సినిమాకు ఆ గడువు ఎప్పుడో తీరింది. అమెరికాలో రెన్యూ చేసిన సినిమాకు 95 ఏళ్లు. 1931లో వచ్చిన వాన్ డైన్ మిస్టరీలు అలా రెన్యూ అయి ఉంటే 2027 జనవరి 1న అందరివీ అవుతాయి, 1932వి ఆ పై ఏడాది. అక్కడ షౌకీన్‌లు ఇబ్బంది పడిన రోజులూ ఉన్నాయి. 1974లో నటుడు రాడీ మెక్‌డోవల్ ఇంటి మీద ఎఫ్‌బీఐ దాడి చేసి ఆయన సినిమా ప్రింట్లన్నీ పట్టుకుపోయింది. కంపెనీలు పారేసినవాటిని దాచినవాళ్లనే దొంగలన్నారు. తర్వాత కంపెనీలే అలాంటివాళ్ల దగ్గరికి వచ్చి ప్రింటు ఉందా అని అడిగాయి.

ఇక ఇంట్లో దొరికితే ఏం చేయాలన్నది. ఫిల్మ్ డబ్బా మూత తీయగానే ఘాటైన పుల్లటి వాసన, అంటే వెనిగర్ లాంటిది వస్తే అది అసిటేట్ ఫిల్మ్, పాడవుతోందని అర్థం. అంటుకునే ప్రమాదం తక్కువ. అలా కాకుండా ఫిల్మ్ 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, 1950 కన్నా పాతదై, జిగటగా, గోధుమరంగుగా మారి ఉంటే నైట్రేట్ అనుకోవాలి. దాన్ని ప్రొజెక్టర్ మీద పెట్టకూడదు, అగ్గిపుల్లతో పరీక్షించకూడదు, వంటింటి గోడ పక్క అల్మారాలో ఉంచకూడదు. చల్లటి చోట పెట్టి పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు చేయాలి. అది ఇప్పుడు ఎన్‌ఎఫ్‌డీసీ కింద ఉంది.

78 రికార్డులను ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కింది దానికి పగులు వస్తుంది. పుస్తకాల్లా నిలబెట్టాలి. ఇప్పటి ఎల్పీ మెషీన్ ముల్లు వాటికి సరిపోదు, 78 గాడి వెడల్పు, దానికి వేరే ముల్లు కావాలి. స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరుగుతుంది. పాటల పుస్తకాలకు ప్లాస్టిక్ టేపు వేయకూడదు. కొన్నేళ్లకు టేపు కింద కాగితం పచ్చబడి విరుగుతుంది.

పుస్తకం ఉర్దూలో ఉండి ఇంట్లో పిల్లలకు చదవడం రాకపోతే, మొదటి పేజీ, చివరి పేజీ ఫోన్‌లో ఫొటో తీసి ఉర్దూ తెలిసిన పెద్దవాళ్లకు పంపితే చాలు. సినిమా పేరు, కంపెనీ పేరు, రాసిన మున్షీ పేరు సాధారణంగా మొదటి పేజీలోనే ఉంటాయి. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గోపన్‌పల్లికి అంత దూరమేమీ కాదు, చదివిపెట్టేవాళ్లు దొరక్కపోరు. రికార్డు అయితే లేబుల్ ఫొటోతో పాటు మధ్యలో నల్లటి నున్నటి భాగంలో చెక్కిన చిన్న అంకెలు కూడా రాసుకోవాలి. లేబుల్ చిరిగిపోయినా ఆ అంకెలతో పాట ఎవరిదో, ఎప్పటిదో పట్టుకోవచ్చు. అట్ట కవరు మాసిందని పారేయొద్దు, అమ్మిన షాపు పేరు, ఊరు చాలాసార్లు దాని మీదే ఉంటాయి.